ఫ్రిజ్‌లో ఫ్యాన్ ఆగిపోతే గ్యాస్ అయిపోయినట్టేనా? మెకానిక్‌కు డబ్బులిచ్చే ముందు ఇంట్లో ఏం చూసుకోవచ్చు?

మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే దిల్లీలోని మా ఇంట్లో ఫ్రిజ్ తెరిస్తే పాలు విరిగిపోయి ఉన్నాయి. ముందు రోజు పెట్టిన ఇడ్లీ పిండి పొంగి గిన్నె అంచు దాటింది. పైన ఫ్రీజర్‌లో మాత్రం వెనక గోడకు ఆనుకుని ఉన్న బఠానీల ప్యాకెట్ ఇంకా రాయిలా గడ్డకట్టే ఉంది.

కొన్నాళ్లు మాతో ఉండటానికి ఒంగోలు నుంచి వచ్చిన అమ్మ కంగారు వేరు. ఆమె ఇన్సులిన్ పెన్నులు ఫ్రిజ్ తలుపు అరలో ఉన్నాయి. ‘‘రెండు రోజుల నుంచీ దీంట్లోంచి గాలి చప్పుడు రావడం లేదు, గమనించావా?’’ అని అడిగింది. నేను గమనించలేదు.

గంటలో మెకానిక్ వచ్చారు. ఫ్రిజ్ పక్క గోడ మీద చెయ్యి పెట్టి చూసి ‘‘గ్యాస్ ఖతమ్’’ అన్నారు. మళ్లీ నింపడానికి రూ. 3,500 అవుతుందన్నారు. ఫ్రీజర్ లోపల ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.

మరొకరిని అడిగి చెబుతామని పంపేశాం. సాయంత్రం వచ్చిన పెద్దాయన ఫ్రీజర్ తలుపు తెరిచి, తలుపు పక్కనున్న చిన్న బటన్‌ను వేలితో నొక్కి పట్టుకుని చెవి పెట్టి విన్నారు. తర్వాత ప్లగ్ తీసేసి, లోపలి వెనక ప్యానెల్ విప్పారు. దాని వెనక అరచేతి మందాన మంచు. అందులో కూరుకుపోయిన ఫ్యాన్ రెక్క.

‘‘గ్యాస్ అయిపోతే ఇంత మంచు ఎక్కడి నుంచి వస్తుంది?’’ అన్నారాయన, హిందీలో.

ఈ కథనానికి మూలం ఆ ప్రశ్నే. ఫ్రీజర్ ఫ్యాన్ ఆగిపోవడం మామూలుగా ఎదురయ్యే సమస్యే. కానీ అది ఎందుకు ఆగిందో చూడకుండానే గ్యాస్ నింపడమో, మోటారు మార్చడమో జరిగిపోతుంటుంది. అసలు కారణం అలాగే ఉంటే పెట్టిన డబ్బు వృథా అవుతుంది, కొన్ని రోజులకు సమస్య మళ్లీ వస్తుంది.

మీ ఫ్రిజ్‌లో అసలు ఫ్యాన్ ఉందా?

ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. ఎందుకంటే అన్ని ఫ్రిజ్‌లలోనూ లోపల ఫ్యాన్ ఉండదు.

ఇళ్లలో ఎక్కువగా కనిపించే సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు చాలావరకు ‘డైరెక్ట్ కూల్’ రకం. వాటిలో ఫ్రీజర్ పెట్టె గోడలే చల్లబడతాయి. ఆ చల్లదనం దానంతటదే కిందికి దిగుతుంది. మంచు పేరుకుంటే బటన్ నొక్కి మనమే కరిగించుకోవాలి. షాపుల్లో ఐస్‌క్రీమ్ పెట్టే, పైకి మూత తెరుచుకునే డీప్ ఫ్రీజర్లలో కూడా సాధారణంగా లోపల ఫ్యాన్ ఉండదు.

డబుల్ డోర్, సైడ్ బై సైడ్ ఫ్రిజ్‌లు చాలావరకు ‘ఫ్రాస్ట్ ఫ్రీ’ రకం. నిట్టనిలువుగా ఉండే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజర్లూ ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. వీటిలో గాలిని తిప్పే ఫ్యాన్ కచ్చితంగా ఉంటుంది.

కొన్ని పెద్ద మోడళ్లలో వెనక కింద, కంప్రెసర్ పక్కన ఇంకో ఫ్యాన్ కూడా ఉంటుంది. అది కంప్రెసర్‌ను, దానికి తగిలించిన వేడి పైపులను చల్లబరుస్తుంది. అది ఆగితే కంప్రెసర్ వేడెక్కి మధ్యమధ్యలో ఆగిపోతుంటుంది. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది దాని గురించి కాదు, ఫ్రీజర్ లోపలి ఫ్యాన్ గురించి.

చల్లదనం పుట్టేది ఒకచోట, కావాల్సింది రెండు చోట్ల

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో రెండు గదులు ఉన్నా, చాలా మోడళ్లలో చల్లదనం పుట్టేది ఒక్కచోటే. ఫ్రీజర్ వెనక ప్యానెల్ చాటున ఉండే కూలింగ్ కాయిల్ దగ్గర. మెకానిక్‌లు ‘కాయిల్’ అని, పుస్తకాల్లో ‘ఎవాపరేటర్’ అని పిలిచేది దాన్నే.

ఫ్యాన్ ఆ కాయిల్ మీదుగా గాలిని లాగి ఫ్రీజర్‌లోకి వదులుతుంది. అందులో కొంత గాలి ఒక సన్నటి దారి గుండా కింద ఫ్రిజ్ గదిలోకి వెళుతుంది. ఎంత వెళ్లాలో ‘డాంపర్’ అనే చిన్న తలుపు నిర్ణయిస్తుంది. వెచ్చబడిన గాలి తిరిగి కాయిల్ దగ్గరకు చేరుతుంది.

అంటే కింద గదిలోని పాలు, కూరలు, మందులు చల్లగా ఉండాలంటే ఆ ఫ్యాన్ తిరగాల్సిందే. అది ఆగితే కాయిల్ చల్లబడుతూనే ఉంటుంది కానీ, ఆ చల్లదనం అక్కడి నుంచి కదలదు. అందుకే మా ఇంట్లో వెనక గోడకు ఆనుకున్న బఠానీలు గడ్డగా ఉంటే, కింద పాలు విరిగిపోయాయి.

లోపల వేడి తగ్గకపోవడంతో కంప్రెసర్ చాలాసేపు ఆగకుండా నడుస్తుంది. దాంతో కరెంటు బిల్లూ పెరుగుతుంది.

‘ఫ్రాస్ట్ ఫ్రీ’ అంటే మంచు పట్టదని కాదు

తలుపు తీసిన ప్రతిసారీ బయటి తేమ గాలి లోపలికి వెళుతుంది. ఆ తేమ సున్నా డిగ్రీల కంటే బాగా చల్లగా ఉన్న కాయిల్‌కు తగిలి మంచుగా మారుతుంది. ఇది ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లోనూ జరుగుతుంది. కాకపోతే ఆ మంచును అది తనే కరిగించుకుంటుంది.

కంప్రెసర్ కొన్ని గంటలు నడిచాక, ఒక టైమర్ గానీ ఎలక్ట్రానిక్ బోర్డు గానీ కంప్రెసర్‌నూ ఫ్యాన్‌నూ ఆపి, కాయిల్ కింద ఉన్న హీటర్‌ను వెలిగిస్తుంది. కరిగిన నీరు ఒక గొట్టం గుండా ఫ్రిజ్ వెనక కింద ఉన్న ట్రేలోకి చేరి, కంప్రెసర్ వేడికి ఆవిరైపోతుంది.

కాయిల్ తగినంత వెచ్చబడగానే హీటర్‌ను ఆపడానికి బైమెటల్ థర్మోస్టాట్ గానీ, సెన్సర్ గానీ ఉంటుంది. అది పనిచేయక వేడి మితిమీరితే సరఫరాను పూర్తిగా తెంచేయడానికి థర్మల్ ఫ్యూజ్ ఉంటుంది. ఈ ఫ్యూజ్ ఒకసారి పోతే మార్చాల్సిందే, తిరిగి పనిచేయదు.

ఈ గొలుసులో ఏ ఒక్కటి తెగినా మంచు కరగదు. రోజురోజుకూ పేరుకుని, చివరికి ఫ్యాన్ రెక్కలను పట్టేస్తుంది.

ఫ్యాన్ ఆగిందని ఎలా గుర్తించాలి?

ఫ్రీజర్ తలుపు మూసి ఉన్నప్పుడు సన్నటి ‘హుష్’మనే గాలి శబ్దం వినిపించాలి. వెనక కింద నుంచి వచ్చే ‘గుయ్’ అనే శబ్దం కంప్రెసర్‌ది. కంప్రెసర్ శబ్దం ఉండి, గాలి శబ్దం లేకపోతే అనుమానించాలి.

కింద గది వెచ్చబడి, ఫ్రీజర్‌లో మాత్రం కొంత చల్లదనం మిగిలి ఉండటం రెండో గుర్తు. ఫ్రీజర్‌లోనూ వెనక గోడ దగ్గర గడ్డగా, తలుపు వైపు మెత్తగా ఉంటుంది. ఐస్‌క్రీమ్ ముందుగా కరగడం మొదలవుతుంది.

ఆగడానికి ముందు కొన్ని ఫ్యాన్లు చప్పుడు చేసి హెచ్చరిస్తాయి. టకటకమనో, గీరుతున్నట్టో శబ్దం వస్తే రెక్కలు మంచుకు తగులుతున్నట్టు. కీచుమంటే మోటారు బుష్ అరిగిపోతున్నట్టు.

అయితే ఒక జాగ్రత్త. ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలని లేదు. కంప్రెసర్ ఆగినప్పుడు, మంచు కరిగించే సమయంలో, ఆ వెంటనే మరికొన్ని నిమిషాలు అది ఆగి ఉండటం మామూలే. కాబట్టి ఒకసారి చెవి పెట్టి విని నిర్ణయానికి రావద్దు. గంట తర్వాత మళ్లీ వినండి.

ఆపేసిందా, ఇరుక్కుందా, చెడిపోయిందా?

ఫ్యాన్ తిరగకపోవడానికి కారణాలు ఎన్నో కనిపిస్తాయి. కానీ వాటిని మూడు ప్రశ్నలుగా విడదీస్తే సులువుగా అర్థమవుతుంది.

ఒకటి, ఫ్యాన్‌కు తిరగమనే ఆదేశం అందుతోందా? రెండు, అందినా తిరగడానికి దారి ఉందా? మూడు, రెండూ ఉన్నా తిరిగే శక్తి మోటారుకు ఉందా?

మొదటిది తలుపు స్విచ్, వైర్లు, బోర్డుకు సంబంధించినది. రెండోది మంచుకు సంబంధించినది. మూడోదే అసలైన ఫ్యాన్ సమస్య. ఇదే వరుసలో చూసుకుంటూ వెళితే తక్కువ ఖర్చుతో తేలే విషయాలు ముందు తేలిపోతాయి.

మొదటి పరీక్ష: తలుపు స్విచ్

తలుపు తెరవగానే చల్లగాలి బయటకు పోకుండా చాలా ఫ్రిజ్‌లలో ఫ్యాన్ ఆగిపోతుంది. తలుపు మూయగానే మళ్లీ తిరుగుతుంది. ఈ సంగతి ఫ్రిజ్‌కు చెప్పేది తలుపు చట్రంలో ఉండే చిన్న బటన్.

జిడ్డు పట్టో, స్ప్రింగ్ బలహీనపడో ఈ బటన్ లోపలే ఇరుక్కోవచ్చు, లేదా నొక్కినా కనెక్షన్ ఇవ్వకపోవచ్చు. ఒక్కోసారి తలుపు కొద్దిగా కిందికి వాలిపోయి, మూసినా బటన్‌ను తాకదు. అప్పుడు తలుపు తెరిచే ఉందని ఫ్రిజ్ అనుకుంటుంది. ఫ్యాన్‌ను తిప్పదు.

పరీక్ష తేలిక. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు ఫ్రీజర్ తలుపు తెరిచి, పొడి చేతి వేలితో ఆ బటన్‌ను నొక్కి ఒకటి రెండు నిమిషాలు పట్టుకోండి. ఫ్యాన్ తిరిగితే ఫ్యాన్ బాగున్నట్టే. తలుపును సరిచేయించాలి. బటన్ బిగుసుకున్నట్టు అనిపించినా, నొక్కితే ఒకసారి తిరిగి ఒకసారి తిరగకపోయినా స్విచ్ మార్చాలి. అది ఖరీదైన భాగం కాదు.

కొన్ని కొత్త మోడళ్లలో బటన్ బదులు అయస్కాంత సెన్సర్ ఉంటుంది. అది తలుపులోని అయస్కాంతాన్ని గుర్తిస్తుంది. దాన్ని ఇలా నొక్కి చూడలేం.

రెండో పరీక్ష: మంచు

స్విచ్ నొక్కినా ఫ్యాన్ తిరగలేదంటే తర్వాత అనుమానించాల్సింది మంచునే. ఫ్రీజర్ లోపలి వెనక ప్యానెల్ మీద తెల్లటి మంచు పొర కనిపిస్తోందా? గాలి వచ్చే రంధ్రాల దగ్గర గడ్డ కట్టిందా? అయితే దాని వెనక కాయిల్ మొత్తం మూసుకుపోయి ఉండే అవకాశం ఎక్కువ.

దీనికి ఇంట్లో చేయగలిగిన పని, ఫ్రిజ్‌కు పూర్తిగా విశ్రాంతి ఇవ్వడం. స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్ కూడా తీసేయాలి. లోపలి వస్తువులన్నీ వేరే చోటికి మార్చి, రెండు తలుపులూ తెరిచి ఉంచాలి. కింద పాత తువ్వాళ్లు పరచాలి. వెనక ట్రే నిండి నీళ్లు పొర్లవచ్చు కాబట్టి అటువైపు కూడా చూసుకోవాలి.

పైకి కనిపించే మంచు రెండు మూడు గంటల్లో కరిగిపోతుంది. కానీ ప్యానెల్ చాటున ఉన్న గడ్డ కరగడానికి చాలాసేపు పడుతుంది. కనీసం 12 గంటలు, మంచు మందంగా ఉంటే 24 గంటలు వదిలేయడం మంచిది. తెరిచిన తలుపుకు ఎదురుగా, తడి తగలనంత దూరంలో టేబుల్ ఫ్యాన్ పెడితే త్వరగా కరుగుతుంది.

కత్తితో, స్క్రూడ్రైవర్‌తో మంచును పొడవొద్దు. కాయిల్ అల్యూమినియం గొట్టం పల్చగా ఉంటుంది. దానికి చిల్లు పడితే అప్పుడు గ్యాస్ నిజంగానే పోతుంది. మరిగే నీళ్లు పోయడం, హెయిర్ డ్రయర్‌ను దగ్గరగా పట్టుకోవడం వల్ల లోపలి ప్లాస్టిక్ వంగిపోవచ్చు, పగలొచ్చు. నీళ్లు కారుతున్న చోట కరెంటు పరికరం పట్టుకోవడమూ ప్రమాదమే.

మంచు కరిగాక ఏం జరిగిందన్నదే ముఖ్యం

ఆరిన తర్వాత ఫ్రిజ్ ఆన్ చేయండి. ఫ్యాన్ తిరిగి, కొన్ని గంటల్లో కింద గది చల్లబడితే మోటారు మార్చాల్సిన పనిలేదు. గ్యాస్ నింపాల్సిన పని అంతకన్నా లేదు.

అయితే సమస్య తీరిపోయిందనుకోవద్దు. మంచు ఎందుకు పేరుకుందో ఇంకా తెలియదు కదా.

ఒకటి రెండు వారాల్లో మళ్లీ అదే పరిస్థితి వస్తే, మంచు కరిగించే ఏర్పాటులోనే లోపం ఉండి ఉండొచ్చు. హీటర్, బైమెటల్ లేదా సెన్సర్, థర్మల్ ఫ్యూజ్, టైమర్ లేదా బోర్డు... వీటిలో ఏది పోయిందో మెకానిక్ మల్టీమీటర్‌తో చూసి చెప్పగలరు.

నెలల తర్వాత వస్తే తలుపు రబ్బరును చూడండి. దాని మధ్యలో ఒక కరెన్సీ నోటు పెట్టి తలుపు మూసి లాగండి. కొద్దిగా పట్టుకున్నట్టు అనిపించాలి. ఎక్కడైనా నోటు తేలిగ్గా జారి వచ్చేస్తే అక్కడి నుంచి తేమ గాలి లోపలికి పోతోందన్న మాట. సముద్ర తీరంలోని విశాఖపట్నం, చెన్నై లాంటి నగరాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, రబ్బరులో చిన్న సందు ఉన్నా మంచు త్వరగా పేరుకుంటుంది. సబ్బు నీళ్లతో తుడిస్తే కొన్నిసార్లు రబ్బరు మళ్లీ సరిగా అతుక్కుంటుంది. గట్టిపడిపోతే మార్చాలి.

నీళ్లు దిగే గొట్టం మూసుకుపోయినా కరిగిన నీరు అక్కడే మళ్లీ గడ్డకడుతుంది. ఫ్రీజర్ అడుగున మంచు పలకలా కనిపించడం దానికి గుర్తు.

ఇక మన అలవాట్లు కూడా కొంత కారణం. వేడి కూర గిన్నెలను మూత లేకుండా పెట్టడం, గాలి వచ్చే రంధ్రాలకు అడ్డంగా ప్యాకెట్లు కుక్కడం వల్ల మంచు ఎక్కువగా పడుతుంది.

మంచు కరిగినా తిరగకపోతే?

ఇప్పుడు మోటారును అనుమానించాలి. ఇక్కడి నుంచి మెకానిక్ పని. కానీ ఆయన ఏం చూడాలో తెలిసి ఉంటే మనం ప్రశ్న అడగగలం.

ప్లగ్ తీసి, ప్యానెల్ విప్పి, ఫ్యాన్ రెక్కను వేలితో తిప్పి చూడాలి. తేలిగ్గా తిరగాలి. బిగుసుకుని ఉంటే మోటారు బుష్ అరిగిపోయి ఉండొచ్చు, లేదా తుప్పు పట్టి ఉండొచ్చు. తేలిగ్గా తిరుగుతున్నా కరెంటు ఇచ్చినప్పుడు తిరగకపోతే, ఫ్యాన్ కనెక్టర్ దగ్గరకు వోల్టేజీ వస్తోందో లేదో కొలవాలి.

వోల్టేజీ వస్తూ ఫ్యాన్ తిరగకపోతే మోటారు పోయినట్టు. వోల్టేజీయే రాకపోతే మోటారు మార్చినా లాభం లేదు. స్విచ్, వైర్లు, సెన్సర్, బోర్డు చూడాలి. ఎలుక కొరికిన వైరు, తేమకు పచ్చగా మారిన కనెక్టర్ పిన్ను కూడా ఈ పని చేయగలవు. ఈ కొలత తీయకుండా ‘మోటారు పోయింది’ అని చెబితే, అది ఊహ మాత్రమే.

పాత మోడళ్లలో ఈ ఫ్యాన్లు నేరుగా 230 వోల్టుల ఏసీ మీద నడుస్తాయి. ఇన్వర్టర్ మోడళ్లలో ఎక్కువగా 12 వోల్టుల డీసీ ఫ్యాన్లు ఉంటాయి. వీటిలో ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో బోర్డుకు చెప్పే వైరు కూడా ఉండొచ్చు. ఆ సమాచారం అందకపోతే కొన్ని మోడళ్లు డిస్‌ప్లేలో ఎర్రర్ కోడ్ చూపిస్తాయి. దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. కోడ్ అర్థం ఫ్రిజ్‌తో వచ్చిన మాన్యువల్‌లో ఉండొచ్చు.

కాబట్టి కొత్త ఫ్యాన్ చూడటానికి పాతదానిలా ఉంటే సరిపోదు. వోల్టేజీ, కనెక్టర్, తిరిగే దిశ అన్నీ కలవాలి. మోడల్ నంబర్ చెప్పి కొనడం, పాత మోటారు మీద ఉన్న పార్ట్ నంబర్‌తో పోల్చుకోవడం మంచిది.

గ్యాస్ నిజంగా పోతే ఎలా తెలుస్తుంది?

ఫ్రిజ్‌లోని గ్యాస్ బండిలో పెట్రోలులా వాడేకొద్దీ అయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు ఎక్కడో చూసి మూయకుండా గ్యాస్ మాత్రమే నింపితే, అది మళ్లీ పోతుంది.

దీన్ని తేల్చడానికి కాయిల్ మీది మంచే సాక్ష్యం. మంచు పూర్తిగా కరిగించి, ఫ్రిజ్‌ను మళ్లీ కొంతసేపు నడిపాక కాయిల్‌ను చూడాలి. కాయిల్ అంతటా సమానంగా పల్చటి మంచు పడితే గ్యాస్ సరిపడా ఉన్నట్టు. ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ తగ్గి ఉండొచ్చు. కంప్రెసర్ నడుస్తున్నా ఎక్కడా మంచు పట్టకపోతే గ్యాస్ పూర్తిగా పోయి ఉండొచ్చు, లేదా కంప్రెసర్ దాన్ని పంపు చేయలేకపోతూ ఉండొచ్చు.

పక్క గోడలు వేడిగా లేవన్న ఒక్క కారణంతో గ్యాస్ లేదని చెప్పలేం. ఫ్యాన్ ఆగితే కాయిల్ లోపలి వేడిని సరిగా తీసుకోలేదు. దాంతో బయటకు వచ్చే వేడీ తగ్గుతుంది. మా ఇంటికి వచ్చిన మొదటి మెకానిక్‌ను తప్పుదారి పట్టించింది బహుశా అదే.

ఇప్పుడొస్తున్న చాలా ఫ్రిజ్‌లలో ఆర్-600ఏ అనే గ్యాస్ ఉంటుంది. అది ఐసోబ్యూటేన్, మంటలు అంటుకునే గుణం ఉన్నది. ఇళ్లలోని ఫ్రిజ్‌లలో దాని పరిమాణం తక్కువే అయినా, గొట్టాలను కోయడం, మంటతో అతకడం ఆ గ్యాస్‌తో పనిచేసిన అనుభవం ఉన్నవారే చేయాలి. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములన్నది ఫ్రిజ్ మీద స్టిక్కర్‌లో రాసి ఉంటుంది. నింపే మెకానిక్ దాన్ని తూకం వేసి నింపుతున్నారో లేదో చూడండి.

లోపలి ఆహారం, మందుల సంగతేంటి?

ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఫ్రిజ్ గది 5 డిగ్రీల లోపు ఉండాలన్నది సాధారణ ప్రమాణం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి.

కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకపోతే ఫ్రిజ్ గది సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండిన ఫ్రీజర్ 24 గంటలు చల్లదనం నిలుపుతాయని ఆహార భద్రత సూచనలు చెబుతాయి. కానీ ఫ్యాన్ ఆగినప్పుడు చిక్కేమిటంటే, అది ఎప్పుడు ఆగిందో మనకు తెలియదు. లోపల లైటు వెలుగుతూనే ఉంటుంది, కంప్రెసర్ మోగుతూనే ఉంటుంది.

అందుకే వండిన అన్నం, కూరలు, పాలు, మాంసం, చేపలు ఎంతసేపు వెచ్చగా ఉన్నాయో తెలియకపోతే పారేయడమే మేలు. వాసన బాగుందని నమ్మడానికి లేదు. మళ్లీ మరిగిస్తే సరిపోతుందన్నదీ అన్నిసార్లూ నిజం కాదు. అన్నంలో పెరిగే కొన్ని బ్యాక్టీరియా విడుదల చేసే విషపదార్థాలు మరిగించినా పోవు. ఫ్రీజర్‌లో ఇంకా మంచు పలుకులు ఉన్న ప్యాకెట్లను మళ్లీ గడ్డకట్టించుకోవచ్చు. నూనె, ఉప్పు దండిగా ఉన్న ఆవకాయ లాంటి పచ్చళ్లకు భయం లేదు.

మందుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ చల్లబడటం లేదని దాన్ని ఫ్రీజర్‌లోకి మార్చడం పెద్ద తప్పు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టడం అన్నిటికంటే మంచి దారి. అది కుదరకపోతే తడి తగలకుండా మూత ఉన్న డబ్బాలో ఉంచి, మట్టికుండ చల్లదనంలో కొద్దిసేపు కాపాడుకోవచ్చు. వెచ్చబడిన మందును వాడొచ్చా లేదా అన్నది మాత్రం డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడిగే తేల్చుకోవాలి.

మెకానిక్‌తో ఏం మాట్లాడాలి?

ముందు వారంటీ కార్డు చూసుకోండి. ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో ఉండే ‘10 ఏళ్ల వారంటీ’ సాధారణంగా కంప్రెసర్‌కు మాత్రమే వర్తిస్తుంది. ఫ్యాన్, హీటర్, సెన్సర్ లాంటి వాటికి చాలా సందర్భాల్లో ఏడాదే. కొన్నిటిలో బోర్డుకు వేరే గడువు ఉంటుంది. వారంటీలో ఉండగా బయటి మెకానిక్‌తో విప్పిస్తే అది చెల్లకుండా పోవచ్చు.

ఏ భాగం పోయిందో ఎలా తేల్చారో అడగండి. గ్యాస్ అంటే, కాయిల్ మీద మంచు ఎలా ఉందో చూపించమనండి. మోటారు అంటే, వోల్టేజీ కొలిచారా అని అడగండి. మార్చిన పాత భాగాన్ని మీకు ఇవ్వమనండి.

బిల్లు తీసుకోండి. అందించిన సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం-2019 అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. ఫిర్యాదు చేయాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915.

వినియోగదారులు తమ వస్తువులను తేలిగ్గా మరమ్మతు చేయించుకునేలా కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు దీని పరిధిలో ఉన్నాయి. అందులో చేరిన కంపెనీల మాన్యువల్‌లు, సర్వీస్ వివరాలు, వారంటీ సమాచారం అక్కడ చూసుకోవచ్చు.

పదేళ్ల ఫ్రిజ్‌లో ఫ్యాన్ ఆగిందని కొత్తది కొనేయమని సలహా ఇచ్చేవారూ ఉంటారు. కంప్రెసర్, కాయిల్ బాగున్నప్పుడు ఒక చిన్న మోటారు కోసమో, ఫ్యూజ్ కోసమో ఫ్రిజ్‌నంతా పారేయాల్సిన అవసరం లేదు.

చివరికి మా ఫ్రిజ్‌కు ఏమైంది?

ప్లగ్ తీసి ఒక పగలూ రాత్రీ వదిలేశాం. మంచు కరిగాక ఫ్యాన్ దానంతటదే తిరిగింది. పెద్దాయన మర్నాడు వచ్చి మల్టీమీటర్ పెట్టి చూస్తే, హీటర్ బాగుంది, థర్మల్ ఫ్యూజ్ తెగిపోయి ఉంది. దాంతో పాటు బైమెటల్‌ను కూడా మార్చారు. కూలీతో కలిపి రూ. 700 అయింది. అంటే మా ఇంట్లో ఫ్యాన్ ఆగింది కానీ, ఫ్యాన్ చెడిపోలేదు.

ఇన్సులిన్ పెన్నులు ఎన్ని గంటలు వెచ్చగా ఉన్నాయో మేం చెప్పలేకపోయాం. దాంతో డాక్టర్ సలహా మేరకు వాటిని పక్కన పెట్టి కొత్తవి కొన్నాం. ఈ మొత్తం వ్యవహారంలో మాకు ఎక్కువ ఖర్చయింది మరమ్మతుకు కాదు, ఆ పెన్నులకే.

ఇప్పుడు ఫ్రిజ్‌లో మందుల పక్కన ఒక చిన్న థర్మామీటర్ పెట్టాం. పాల ప్యాకెట్ తీసినప్పుడల్లా కన్ను దాని మీద పడుతుంది. అమ్మ మాత్రం థర్మామీటర్ చూడదు. రాత్రి పడుకునే ముందు ఫ్రిజ్ దగ్గర ఒక్క క్షణం ఆగి, గాలి చప్పుడు వింటుంది.